వాలుగ వేటలో దారమే ఆధారం
పుట్టిపై గాలం వేసేవారు తెలుసుకోవలసిన సంగతులు

నాగార్జునసాగర్: పొద్దు వాలే వేళకు జలాశయం వెనుక నీటిలో ఒక్కొక్కటిగా పుట్టులు కదులుతాయి. వెదురుతో అల్లిన గుండ్రని పుట్టి, ఒక తెడ్డు, ఎర చేపల డబ్బా, చెక్కకు చుట్టిన నైలాన్ దారం... ఇంతే సరంజామా. ఈ కొద్దిపాటి పరికరాలతోనే మనిషంత పొడవు పెరిగే వాలుగను ఎదుర్కోవాలి. గాలం బలంగా ఉన్నా, ఎర మంచిదైనా, ఓపికకు కొదవ లేకున్నా దారం ఎంపికలో పొరపాటు జరిగితే రాత్రంతా పడిన శ్రమ క్షణంలో నీటిపాలవుతుంది. చేప పోవడం ఒక్కటే నష్టం కాదు. సన్నని దారం వేలిని కోయవచ్చు. ముంజేతికి చుట్టుకున్న దారం మనిషినే నీటిలోకి లాగవచ్చు. తెగి నీటిలో మిగిలిన దారం ఏళ్ల తరబడి పక్షులకు, తాబేళ్లకు ఉరితాడుగా మారవచ్చు. అందుకే చిన్న పడవలపై మంచినీటి చేపలను గాలంతో పట్టేవారు దారం గురించి తెలుసుకోవలసింది చాలా ఉంది.

సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ఇటు నల్గొండ, అటు పల్నాడు జిల్లాల నడుమ కొండల మధ్య విస్తరించిన ఈ జలాశయాన్ని నమ్ముకుని వేలాది మంది జీవిస్తున్నారు. విశాఖ తీరం నుంచి వలస వచ్చి నీటి అంచున స్థిరపడిన మత్స్యకారుల వల్లనే నేరేడుగొమ్ము మండలంలోని ‘వైజాగ్ కాలనీ’కి ఆ పేరు వచ్చింది. సముద్రపు వేట తెలిసిన చేతులు మంచినీటి వేటను నేర్చుకున్న చోటు అది. ఇక్కడ జీవనోపాధికి వలే ప్రధానమైనా, పెద్ద చేప కోసం గాలం వేసేవారూ ఉన్నారు. సెలవు రోజుల్లో నగరం నుంచి రాడ్లు, రీళ్లతో వచ్చేవారూ పెరిగారు. ఇరువురి పద్ధతులు వేరు. వారికి కావలసిన దారాలూ వేరు.

వాలుగ తీరే వేరు

మన నదుల్లో, జలాశయాల్లో పెద్ద పెద్ద చేపలను సైతం మింగే వేటచేప వాలుగ. పొలుసులుండవు. నోరు కళ్ల వెనుక దాకా చీలి ఉంటుంది. మీసాలు పొడవు. తోక వైపు శరీరం చదునుగా, కత్తిలా ఉంటుంది. పగలు లోతు మడుగుల్లో, బండల నీడన, మునిగిన చెట్ల మొదళ్ల చాటున కదలకుండా ఉండి, చీకటి పడ్డాక వేటకు బయలుదేరుతుంది. దీనిని ‘మంచినీటి సొర’ అని పిలవడం వెనుక కారణం ఇదే.

దారం ఎంపికకు వాలుగ దవడ నిర్మాణమే మొదటి పాఠం. దాని పళ్లు కత్తుల వంటివి కావు. దవడల మీద సన్నని పళ్లు గుంపులు గుంపులుగా, వెనక్కి వాలి, ఆకురాయిలా గరుకుగా ఉంటాయి. అవి దారాన్ని ఒక్క కొరుకుతో తెంచవు. చేప తల విదిలించినప్పుడల్లా కొంత కొంత గీరుతూ పోతాయి. పది నిమిషాల పెనుగులాట తరువాత, చేప పుట్టి దాకా వచ్చిన క్షణాన దారం తెగిపోవడానికి తరచు ఇదే కారణం. దారం నాసిరకమని దుకాణదారుని నిందించేవారు తెగిన కొసను వేలితో తడిమి చూస్తే సంగతి బోధపడుతుంది. అది నున్నగా తెగి ఉండదు, పీచులా నలిగి ఉంటుంది.

కొర్రమీను సంగతి మరొకటి. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను నాచులో, తామరాకుల కింద, తూటికాడల మధ్య పొంచి ఉంటుంది. గాలం తగలగానే మొక్కల మొదళ్లలోకి దూరుతుంది. అక్కడ పళ్ల గీరుడుకంటే మొక్కల చిక్కే పెద్ద సమస్య. ఒకే దారం రెండు వేటలకూ సరిపోదని చెప్పడానికి ఈ తేడా చాలు.

పుట్టి కూడా పరికరమే

గట్టు మీద నిలబడి గాలం వేసేవారికి కాళ్ల కింద నేల ఉంటుంది. పుట్టిలో కూర్చున్నవారికి ఆ ఆధారం లేదు. పుట్టికి ముందు వెనుకలు లేవు, అడుగున దూలం లేదు. చేప ఎటు లాగితే అటు తిరుగుతుంది, జరుగుతుంది. ఇది ప్రమాదమూ, ప్రయోజనమూ కూడా.

ప్రయోజనం ఏమిటంటే, పెద్ద చేప ఒక్కసారిగా పరుగు తీసినప్పుడు పుట్టి కూడా దాని వెంట కదులుతుంది. ఆ కదలికే దారానికి ఊరట. గట్టుపై నిలబడినవారి దారంపై పడేంత కుదుపు పుట్టిలో ఉన్నవారి దారంపై పడదు. పుట్టిని లాగుతూ లాగుతూ చేప అలసిపోతుంది. అనుభవజ్ఞులైన మత్స్యకారులు లోతు నీటిలో పుట్టిని కట్టివేయకుండా వదిలేయడంలో ఉన్న మర్మం ఇదే.

రాయి లంగరు వేసి పుట్టిని నిలిపితే ఈ ఊరట పోతుంది. పైగా చేప లంగరు తాడు చుట్టూ తిరిగితే దారం తాడుకు మెలిపడుతుంది. లంగరు తప్పనిసరైన చోట దాని తాడు కొసకు ఒక ఖాళీ డబ్బా కట్టి, ఒక్క లాగుతో విడిపోయే ముడి వేసుకోవాలి. చేప పడగానే ముడి లాగి తాడును నీటిలో వదిలేస్తే డబ్బా తేలుతూ ఉంటుంది. వేట ముగిశాక తిరిగి వచ్చి తీసుకోవచ్చు.

ప్రమాదం విషయానికి వస్తే, పుట్టిలో నిలబడటం, ఇద్దరూ ఒకే వైపు వంగడం బోల్తాకు ప్రధాన కారణాలు. చేపను చూసిన ఉత్సాహంలో తెడ్డు వేసేవారు కూడా అంచుకు వంగడం సహజం. అప్పుడే పుట్టి తిరగబడుతుంది. ఒకరు చేపను అందుకుంటుంటే రెండోవారు ఎదుటి వైపు బరువుగా కూర్చోవాలి.

మూడు రకాల దారాలు

ప్రస్తుతం మార్కెట్‌లో లభించే గాలపు దారాలు ప్రధానంగా మూడు రకాలు. ఒక్కోదానికి ఒక్కో గుణం, ఒక్కో లోపం.

నైలాన్ ఒంటిపోగు దారం: అందరికీ తెలిసినది, అన్ని చోట్లా దొరికేది, చౌకైనది ఇదే. అమెరికాకు చెందిన డ్యుపాంట్ సంస్థ ప్రయోగశాలలో 1935లో నైలాన్ రూపుదిద్దుకుంది. 1938లో సంస్థ దానిని ప్రపంచానికి ప్రకటించింది. అంతకుముందు పట్టు, నార, నూలు దారాలే దిక్కు. అవి నీటిలో నాని కుళ్లేవి, రోజూ ఆరబెట్టవలసి వచ్చేది. నైలాన్ ఆ బెడదను తీర్చింది. దీని పెద్ద గుణం సాగుదల. తెగే ముందు తన పొడవులో ఇంచుమించు ఐదో వంతు, కొన్ని రకాల్లో అంతకంటే ఎక్కువ సాగుతుంది. ఇరవై మీటర్ల దారం నీటిలో ఉంటే దాదాపు నాలుగు మీటర్ల ‘స్ప్రింగు’ చేతిలో ఉన్నట్టే. చేప తల విదిలింపును అది మింగేస్తుంది. లోపం ఏమిటంటే, నైలాన్ నీటిని పీల్చుకుంటుంది. తడిసిన దారం పొడిదానికంటే కొంత బలహీనం. ఎండకు క్రమంగా పెళుసుబారుతుంది. లోతులో ఎరను మెల్లగా అందుకునే చేప స్పర్శ ఈ సాగుదల కారణంగా చేతికి స్పష్టంగా తెలియదు.

అల్లిక దారం: అత్యంత పొడవైన అణువులు గల పాలిథిలీన్ పోగులను జడలా అల్లి దీనిని తయారు చేస్తారు. ఒకే మందంలో నైలాన్‌కంటే రెండు మూడు రెట్లు బలం. సాగుదల బహు స్వల్పం. నలభై అడుగుల లోతున చేప ఎరను ముట్టుకున్నా వేలికి తెలుస్తుంది. నీటికంటే తేలిక కనుక పైన తేలుతుంది. నాచును కోసుకుంటూ రాగలదు కాబట్టి కొర్రమీను వేటకు దీనికి సాటి లేదు. లోపాలూ తక్కువేమీ కావు. బండ అంచుకు, పెంకులకు, మొద్దులకు రాసుకుంటే త్వరగా తెగుతుంది. నున్నగా ఉండటం వల్ల సాధారణ ముడి జారిపోతుంది. అన్నింటికంటే ముఖ్యం, బిగువుగా ఉన్న అల్లిక దారం చర్మాన్ని బ్లేడులా కోస్తుంది.

ఫ్లోరోకార్బన్ దారం: చూడటానికి నైలాన్‌లాగే ఉంటుంది. నీటికంటే బరువు కనుక త్వరగా మునుగుతుంది. నీటిని పీల్చుకోదు. కాంతిని వంచే గుణంలో నీటికి దగ్గరగా ఉండటం వల్ల తేట నీటిలో తక్కువగా కనిపిస్తుంది. రాపిడికి బాగా ఓర్చుకుంటుంది. అయితే ధర ఎక్కువ, బిరుసు ఎక్కువ. రీలు నిండా దీనినే చుట్టవలసిన అవసరం లేదు. గాలం దగ్గర రెండు మూడు అడుగులు వాడితే చాలు. వరద వచ్చి నీరు ఎర్రబారినప్పుడు, రాత్రి వేటలో దారం కనబడటం, కనబడకపోవడం అన్న ప్రశ్నే ఉండదు. ఆ సమయాల్లో దీనికి అదనంగా ఖర్చు చేయడం వృథా.

మందం, బలం... లెక్క ఇలా

దారపు బలం మందంతో సమానంగా పెరగదు, మందపు వర్గంతో పెరుగుతుంది. అంటే 0.40 మిల్లీమీటర్ల దారానికి బదులు అదే రకం 0.80 మిల్లీమీటర్ల దారం తీసుకుంటే బలం రెండింతలు కాదు, ఇంచుమించు నాలుగింతలు. సాధారణ నైలాన్‌లో 0.30 మి.మీ. దారం ఐదారు కిలోల లాగుడుకు, 0.40 మి.మీ. దారం పది కిలోల ప్రాంతానికి, 0.50 మి.మీ. దారం పదిహేను కిలోల దరిదాపులకు తట్టుకుంటుంది. తయారీని బట్టి ఇది మారుతుంది. కొన్ని ప్యాకెట్లపై బలాన్ని పౌండ్లలో ముద్రిస్తారు. ఒక పౌండు సుమారు 450 గ్రాములు. ముప్పై పౌండ్ల దారమంటే పదమూడున్నర కిలోలన్న మాట.

ప్యాకెట్‌పై ఉన్న అంకెను గుడ్డిగా నమ్మరాదు. ఇంట్లో స్ప్రింగ్ త్రాసు ఉంటే పరీక్ష సులభం. రెండు మీటర్ల దారాన్ని అరగంట నీటిలో నానబెట్టి, ఒక కొసను గట్టి కొయ్యకు, మరో కొసను వేటలో వేసే ముడితోనే త్రాసు కొక్కేనికి కట్టాలి. మెల్లగా లాగుతూ ఏ అంకె దగ్గర తెగిందో చూడాలి. మూడుసార్లు లాగి వచ్చిన వాటిలో తక్కువ అంకెనే అసలు బలంగా తీసుకోవాలి. తెగిన దారం ఎగిరి తగలవచ్చు కనుక ముఖం పక్కకు తిప్పుకోవడం మంచిది.

ఇక్కడ చాలామందికి కలిగే సందేహం ఒకటుంది. పదిహేను కిలోల వాలుగకు పదిహేను కిలోల దారమే కావాలా? అక్కర లేదు. నీటిలో చేప బరువు దాదాపు లేనట్టే. దారంపై పడేది దాని పరుగు, విదిలింపు మాత్రమే. పుట్టి వెంట కదులుతుంది కనుక ఆ బలం ఇంకా తగ్గుతుంది. అయితే చేపను దారంతోనే నీటి పైకి ఎత్తబోతే కథ మారుతుంది. నీటిని విడిచిన మరుక్షణం మొత్తం బరువు దారంపై పడుతుంది. పైగా అప్పటికి మిగిలేది రెండు మీటర్ల దారమే. అది సాగేది ముప్పై, నలభై సెంటీమీటర్లే. కుదుపును మింగే స్ప్రింగు పోయినట్టే. పెద్ద చేపలు ఎక్కువగా పుట్టి అంచునే తప్పించుకోవడానికి కారణం దురదృష్టం కాదు, ఈ లెక్కే. అంచుకు వచ్చిన చేపను దారంతో ఎత్తరాదు. తల వైపు నుంచి చేతివల పట్టి అందుకోవాలి. ఆ దశలో బిగువు కొంత సడలించాలి.

చేతి గాలమా... రీలా?

చెక్కకో, ప్లాస్టిక్ సీసాకో చుట్టిన దారంతో చేతి గాలం వేసేవారికి 0.70 నుంచి 1.00 మి.మీ. నైలాన్ తగినది. ఇంత మందం బలం కోసం కాదు, చేతి కోసం. సన్నని దారం చేపను ఆపగలదు గాని, తడిసిన అరచేయి దానిని పట్టుకోలేదు. జారితే చర్మం కాలుతుంది, మెలిపడితే వేలు తెగుతుంది. చేతి గాలానికి అల్లిక దారం ఎంతమాత్రం తగదు. చూపుడు వేలికి రబ్బరు తొడుగో, సైకిల్ ట్యూబు ముక్కో వేసుకోవడం మేలు.

ఏ దారమైనా సరే, ముంజేతికి, నడుముకు, కాలి బొటనవేలికి చుట్టుకుని కునుకు తీయడం ప్రాణాంతకం. చేప పడితే మెలకువ వస్తుందన్న ఆశతో కొందరు చేసే ఈ పని పుట్టిని తిరగేయగలదు. దారం చుట్టిన చెక్కను పుట్టిలో విడిగా ఉంచి, దారంపై చిన్న గజ్జెనో, ఖాళీ డబ్బానో కడితే మేలుకొలుపు పని అది చేస్తుంది.

రాడ్, రీలు వాడేవారికి 0.40 నుంచి 0.50 మి.మీ. నైలాన్ గాని, ముప్పై నుంచి యాభై పౌండ్ల అల్లిక దారం గాని సరిపోతుంది. రీలులోని బిగువును దారపు బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతుకు మించకుండా అమర్చుకోవాలి. పన్నెండు కిలోల దారానికి మూడు నాలుగు కిలోల లాగుడుకే రీలు తిరగాలి. అల్లిక దారానికి సాగుదల లేదు కనుక, దాని చివర కొన్ని మీటర్ల నైలాన్ కలుపుకుంటే రెండింటి గుణాలూ చేతికి వస్తాయి. రీలుపై నేరుగా అల్లిక దారం చుడితే బిగువుకు మొత్తం గుండ్రంగా జారుతుంది. ముందు కొన్ని చుట్లు నైలాన్ చుట్టి, ఆపైన దీనిని ముడివేయాలి.

కొస దారం పాఠం పైక్ నుంచి...

గాలానికి ముందు రెండడుగుల మేర వేరే దారం కట్టే పద్ధతికి పేరు మోసినది ఐరోపా పైక్ వేట. ఐరోపా, ఉత్తర ఆసియా, ఉత్తర అమెరికా చల్లని సరస్సుల్లో ఉండే పైక్ అక్కడి వేటచేప. పొడవైన ముక్కు, దవడ నిండా పదునైన పళ్లు. చిన్న పడవల్లో తిరుగుతూ దానిని పట్టే అక్కడివారు గాలం ముందు లోహపు తీగ లేనిదే ఎర వేయరు. చేప పోతుందన్న బెంగ ఒక్కటే అందుకు కారణం కాదు. దారం కొరికి పారిపోయిన చేప గొంతులో గాలం మిగిలిపోతే అది మేయలేక మెల్లగా చనిపోతుంది. తప్పించుకున్న చేప బతకాలన్నది అక్కడి నియమం. ఐర్లండ్‌లో 2006లో వచ్చిన నిబంధన ప్రకారం రోజుకు ఒక్క పైక్‌నే తీసుకోవచ్చు. అదీ 50 సెంటీమీటర్లకు మించరాదు. పెద్దవి గుడ్లు పెట్టే తల్లులు కనుక వాటిని నీటికే వదలాలి.

వాలుగ పళ్లు పైక్ పళ్లలా కోయవు, గీరుతాయి. కనుక లోహపు తీగే ఉండాలన్న నిర్బంధం లేదు. 0.80 నుంచి 1.00 మి.మీ. నైలాన్ గాని, ఫ్లోరోకార్బన్ గాని రెండడుగులు కడితే చాలు. తీగ వాడదలిస్తే ఏడు పోగులు మెలివేసిన సన్నని ఉక్కు తీగ తీసుకోవాలి. ఒంటిపోగు తీగ ఒకసారి మడతపడితే ఆ మడత దగ్గరే విరుగుతుంది. కొస దారానికి, అసలు దారానికి మధ్య ఇత్తడి తిరుగుడు కడియం వేస్తే ఎర చేప గిరగిరా తిరిగినా దారం మెలిపడదు. ప్రతి చేప తరువాత కొస దారాన్ని గోటి మీదుగా లాగి చూడాలి. ఎక్కడ గరుకు తగిలితే అక్కడికి కోసి కొత్తగా ముడివేయాలి. దీనికి పట్టేది రెండు నిమిషాలు. బద్ధకిస్తే పోయేది రాత్రంతా ఎదురుచూసిన చేప.

తెగితే గాలం దగ్గరే తెగాలి

జలాశయం అడుగు నదిలా ఇసుక పరుపు కాదు. ఆనకట్ట కట్టకముందు అవి అడవులు, ఊళ్లు, పొలాలు. నాగార్జునకొండ లోయలోని ప్రాచీన విజయపురి ఈ నీటి కిందికే వెళ్లింది. ఎగువన శ్రీశైలం జలాశయంలో నీరు తగ్గిన వేసవుల్లో సంగమేశ్వరం గుడి బయటపడటం అందరికీ తెలిసినదే. మునిగిన చెట్ల మొదళ్లు, గోడలు, బండలు గాలాన్ని పట్టి ఉంచుతాయి. నీరు అడుగంటిన రోజుల్లో గట్టున నడిచి మొద్దులు ఎక్కడ ఉన్నాయో గుర్తు పెట్టుకున్నవారికి వర్షాకాలం తరువాత దారం ఖర్చు సగం తగ్గుతుంది.

చిక్కుపడటం తప్పనప్పుడు ఎక్కడ తెగాలో ముందే నిర్ణయించుకోవాలి. గాలాన్ని కొస దారానికి కట్టిన ముడి మొత్తం వరుసలో అన్నింటికంటే బలహీనమైనదిగా ఉండాలి. అసలు దారం పదిహేను కిలోలదైతే ఆ ముడి పది కిలోలకు తెగేలా చూసుకోవాలి. అప్పుడు నీటిలో మిగిలేది ఒక్క గాలమే. దీనికి విరుద్ధంగా అసలు దారం బలహీనంగా ఉంటే, అది రీలు దగ్గరే తెగి యాభై మీటర్ల దారం నీటి అడుగున ఉండిపోతుంది.

చిక్కిన దారాన్ని పుట్టిలో నుంచి చేత్తో గుంజరాదు. పుట్టి ఒరుగుతుంది, అరచేయి కోసుకుపోతుంది. తెడ్డు వేసుకుంటూ చిక్కు అవతలి వైపుకు వెళ్లి, గాలం దిగిన దిశకు ఎదురుగా లాగితే చాలాసార్లు ఊడి వస్తుంది. అప్పటికీ రాకపోతే దారాన్ని కర్రముక్కకు నాలుగు చుట్లు చుట్టి, పుట్టి మధ్యలో కూర్చుని, తెడ్డుతో పుట్టిని వెనక్కి నడిపించాలి. పదునైన చిన్న కత్తి చేతికందే చోట ఎప్పుడూ ఉండాలి.

ముడిలోనే గుట్టు

ఎంత మంచి దారానికైనా ముడే బలహీన స్థానం. తప్పుడు ముడి దారపు బలాన్ని సగానికి తగ్గించగలదు. నైలాన్‌కు అందరూ వేసే చుట్ల ముడి సరిపోతుంది. దారాన్ని గాలపు కంటిలో దూర్చి, అసలు దారం చుట్టూ ఐదారు చుట్లు చుట్టి, కంటి దగ్గర ఏర్పడిన చిన్న సందులో దూర్చి, ఆపై వచ్చిన పెద్ద ఉచ్చులోంచి తీసి బిగించాలి. బిగించే ముందు నీటితోనో, ఉమ్మితోనో తడపడం మరువరాదు. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి దారం అక్కడే దెబ్బతింటుంది. ఈ దెబ్బ కంటికి కనిపించదు.

అల్లిక దారానికి పాలోమార్ ముడి నమ్మకమైనది. దారాన్ని రెండు పేటలుగా మడిచి కంటిలో దూర్చాలి. ఆ జంట పేటతో ఒక మామూలు ముడి వదులుగా వేయాలి. మిగిలిన ఉచ్చులోంచి గాలం మొత్తాన్ని దూర్చి, తడిపి, మెల్లగా బిగించాలి. చీకటిలో, కదిలే పుట్టిలో ముడి నేర్చుకోవడం సాధ్యం కాదు. ఇంట్లో పదిసార్లు వేసి, త్రాసుతో లాగి, చేయి తిరిగాకే నీటిలోకి దిగాలి.

ఎండే శత్రువు

వేసవిలో మన జిల్లా ఎండలు తెలియనివి కావు. గట్టున బోర్లించిన పుట్టిపైనే దారపు చుట్టను వదిలేయడం చాలాచోట్ల కనిపించే అలవాటు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు నైలాన్‌ను లోలోపలే పెళుసుబారుస్తాయి. దారం తెల్లబారినా, ముట్టుకుంటే పొడి రాలుతున్నట్టు అనిపించినా, చుట్ట నుంచి తీశాక వంకర పోకున్నా దాని పని అయిపోయినట్టే. వేట ముగిశాక మంచినీటితో కడిగి, నీడన ఆరబెట్టి, గోనెసంచిలోనో, మూత ఉన్న డబ్బాలోనో దాచాలి. తరచు వేటకు వెళ్లేవారు ఏడాదికొకసారి నైలాన్ మార్చుకోవాలి. మొత్తం మార్చే స్తోమత లేనివారు చుట్టను తిరగేసి, లోపలి వాడని భాగాన్ని పైకి తెచ్చుకోవచ్చు.

పారేసిన దారం పాపం

నైలాన్ నీటిలో కుళ్లదన్నది దాని గుణమే కాదు, దోషం కూడా. తెగి మిగిలిన దారం నీటికాకుల కాళ్లకు, కొంగల రెక్కలకు, తాబేళ్ల మెడలకు చుట్టుకుంటుంది. ఊపిరి కోసం పైకి రాలేని తాబేలు మునిగి చస్తుంది. కృష్ణా నదిలోని మెత్తటి పెంకు తాబేళ్లకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. పొరపాటున గాలానికి తాబేలు పడితే దారం కోసి, వీలైతే గాలం తీసి వదిలేయాలి. పాత దారాన్ని గట్టున పారేయరాదు, తగలబెట్టనూ రాదు. చిన్న ముక్కలుగా కోసి సీసాలో నింపి ఊళ్లోని చెత్త సేకరణకు ఇవ్వాలి.

వాలుగ సంగతికి వస్తే, అది నేడు తరిగిపోతున్న చేప. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి దానిని ముప్పు పొంచి ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. తొలకరి వరదలకు గట్టుల అంచున, మునిగిన గడ్డి నేలల్లో గుడ్లు పెట్టడానికి వచ్చే పెద్ద వాలుగలను పట్టడమంటే వచ్చే ఏళ్ల చేపలను ఈ ఏడే తినేయడం. కొర్రమీను తన పిల్లలను గుంపుగా కాచుకుంటుంది. నీటిపై ఎర్రని పిల్లల గుంపు కనిపిస్తే కింద తల్లిదండ్రులున్నట్టే. అప్పుడు ఎర వేస్తే పెద్దచేప తప్పక అందుకుంటుంది. దానిని పట్టిన మరుక్షణమే ఇతర చేపలు ఆ పిల్లలన్నింటినీ మింగేస్తాయి. ఒక్క చేపతో వందల చేపలు పోతాయి. చిన్న కన్నుల అలివి వలలపై మత్స్యకారులే పోరాడుతున్న ఈ జలాశయాల్లో గాలం వేసేవారికి ఈ మాత్రం నిగ్రహం భారం కాకూడదు.

అనుమతి, అప్రమత్తత

జలాశయంలో చేపల వేటకు మత్స్యశాఖ లైసెన్సు అవసరం. చెరువుల్లో హక్కు మత్స్యకార సహకార సంఘాలది. సరదాకు వచ్చేవారు కూడా ముందుగా వారి అనుమతి పొందాలి. నల్లమల పరిధిలోని పులుల అభయారణ్యం నీటిలో అటవీశాఖ నిబంధనలు వర్తిస్తాయి. మందుగుండుతో, విషంతో చేపలను చంపడాన్ని 1897 నాటి మత్స్య చట్టమే నిషేధించింది. శాఖ ప్రకటించే వేట విరామ కాలాన్ని పాటించడం అందరి బాధ్యత.

గోదావరిలో కచ్చులూరు వద్ద 2019 సెప్టెంబరు 15న జరిగిన పర్యాటక బోటు దుర్ఘటన నీటి ప్రయాణంలో నిర్లక్ష్యానికి ఎంత మూల్యం చెల్లించాలో చూపింది. పెద్ద బోటుకే ఆ గతి పడితే పుట్టికి ఇంకెంత జాగ్రత్త కావాలి? ఈత వచ్చినవారికి కూడా లైఫ్ జాకెట్ తప్పనిసరి. దారం కాళ్లకు చుట్టుకుంటే ఈత పనికిరాదు. వేసవి మధ్యాహ్నాలు, సాయంత్రాల్లో ఈదురుగాలులు కొండల నడుమ ఉన్నట్టుండి లేస్తాయి. ఉరుము వినబడగానే గట్టు చేరాలి. కార్బన్ రాడ్లు విద్యుత్తును ప్రసరింపజేస్తాయి కనుక పిడుగుల వేళ, విద్యుత్ తీగల కింద వాటిని ఎత్తి పట్టరాదు. ఆనకట్ట గేట్లు, విద్యుత్ కేంద్రాల పరిసరాల్లో నీటి ఉరవడి క్షణాల్లో మారుతుంది. అటువైపు పుట్టి తీసుకువెళ్లడమే తప్పు.

ఇవి గుర్తుంచుకోండి

* చేతి గాలానికి 0.70–1.00 మి.మీ. నైలాన్. అల్లిక దారం వద్దు.
* రీలుకు 0.40–0.50 మి.మీ. నైలాన్, లేదా 30–50 పౌండ్ల అల్లిక దారం.
* వాలుగకు రెండడుగుల మందపాటి కొస దారం తప్పనిసరి. ప్రతి చేప తరువాత తడిమి చూడాలి.
* నాచులో కొర్రమీనుకు అల్లిక దారమే మేలు.
* ముడిని తడిపి బిగించాలి. గాలం దగ్గరి ముడే అన్నింటికంటే బలహీనంగా ఉండాలి.
* దారాన్ని ఒంటికి చుట్టుకోరాదు. కత్తి చేతికందే చోట ఉండాలి.
* చేపను దారంతో ఎత్తరాదు. చేతివల వాడాలి.
* పాత దారం ఇంటికి తిరిగి రావాలి. నీటిలో మిగలకూడదు.

నాలుగు చేపలు తక్కువ పడినా మరునాడు మళ్లీ వెళ్లవచ్చు. చీకటి పడ్డాక గట్టున ఎదురుచూసే ఇంటివారికి కావలసింది ముందుగా పుట్టి తిరిగి రావడం. చేప సంగతి ఆ తరువాతే.